బరాసీ ఊళ్ళో, బరాసీ మైదానంలో

మెల్‌బోర్న్ వచ్చే తెలుగువాళ్ళలో చాలామంది ఎంసీజీకి క్రికెట్ కోసమే వెళ్తారు. 2020 డిసెంబర్‌లో మన సిరాజ్ తొలి టెస్టు ఆడిందీ, 2024 డిసెంబర్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 114 కొట్టిందీ అక్కడే. కానీ నేను వెళ్ళింది చలికాలంలో. అప్పుడు ఆ స్టేడియం పూర్తిగా ఫుటీది, అంటే ఆస్ట్రేలియా పద్ధతి ఫుట్‌బాల్‌ది. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంటున్న బావగారు శనివారం మ్యాచ్‌కి టికెట్లు తీసి, "మ్యాచ్ సంగతి తర్వాత. ముందు నీకు బరాసీ ఎవరో తెలియాలి" అన్నారు. ఆ మాటతో నా యాత్ర దారి మారిపోయింది.

బరాసీ అంటే ఫుటీలో పేరుమోసిన ఆటగాడు, కోచ్. మొదట ఆయన పుట్టిన కాజిల్‌మెయిన్ వెళ్ళాం. మెల్‌బోర్న్‌కి వాయవ్యంగా 120 కిలోమీటర్లు ఉంటుంది. సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి బెండిగో వైపు వెళ్ళే రైళ్ళు అక్కడ ఆగుతాయి, మేం మాత్రం కారులో వెళ్ళాం. 1850లలో బంగారం కోసం జనం ఎగబడ్డ ప్రాంతం అది. ఇటాలియన్ మాట్లాడే స్విస్ కుటుంబాలు కూడా అప్పుడే వచ్చి ఆ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. రాన్ బరాసీ పూర్వీకులు ఆ జనంలోవాళ్ళే. ఆయన 1936లో కాజిల్‌మెయిన్‌లో పుట్టి, పక్కనే ఉన్న గిల్‌ఫర్డ్ అనే పల్లెలో పెరిగాడు. గిల్‌ఫర్డ్‌లో కొన్ని ఇళ్ళు, వందల ఏళ్ళనాటి ఒక మహావృక్షం, చుట్టూ పొలాలు. చూడటానికి అరగంట చాలు. నాకు మాత్రం కదలబుద్ధి కాలేదు.

ఎందుకంటే తండ్రి చావు కబురు వచ్చేసరికి ఆ పిల్లవాడికి ఐదేళ్ళు. తండ్రి పేరు కూడా రాన్ బరాసీయే. 1940లో ప్రీమియర్‌షిప్, అంటే ఫుటీ లీగ్ టైటిల్, గెలిచిన మెల్‌బోర్న్ క్లబ్ జట్టులో ఆడి, సైన్యంలో చేరి, 1941 జులైలో లిబియాలోని టోబ్రుక్‌లో చనిపోయాడు. క్లబ్ ఆ కుటుంబాన్ని వదిలెయ్యలేదు. కొన్నేళ్ళకు తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని టాస్మేనియా వెళ్తుంటే, ఫుటీ ఆడాలన్న పట్టుదలతో కొడుకు మెల్‌బోర్న్‌లోనే ఉండిపోయాడు. తండ్రితో కలిసి ఆడిన నార్మ్ స్మిత్, ఆయన భార్య అతన్ని తమ ఇంట్లోనే పెట్టుకున్నారు. అప్పటికే నార్మ్ స్మిత్ మెల్‌బోర్న్ క్లబ్ కోచ్.

ఆ రోజుల్లో ఆటగాడు ఏ పేటలో ఉంటే ఆ పేట క్లబ్‌కే ఆడాలి. ఆ లెక్కన బరాసీ వేరే జట్టుకు పోవాల్సినవాడు. తండ్రి ఆడిన క్లబ్‌లో కొడుకు ఆడవచ్చన్న నిబంధన కోసం మెల్‌బోర్న్ క్లబ్ పట్టుబట్టి సాధించింది. 1953లో తండ్రి వేసుకున్న 31 నంబర్ జెర్సీతోనే అతను మైదానంలోకి దిగాడు. ఆ నిబంధన ఈనాటికీ ఉంది. 1955, 56, 57, 59, 60, 64... మొత్తం ఆరు ప్రీమియర్‌షిప్‌లు ఆటగాడిగానే గెలిచాడు. చివరి రెండిటికీ అతనే కెప్టెన్.

మర్నాడు ఎంసీజీ. జోలిమాంట్ స్టేషన్‌లో దిగి యారా పార్కు మీదుగా నడిచాం. దారిలో నార్మ్ స్మిత్ విగ్రహం, జిమ్ స్టైన్స్ విగ్రహం, గేటు దగ్గర షేన్ వార్న్. వార్న్ దగ్గర ఫోటోల కోసం మనవాళ్ళు బారులు తీరి ఉన్నారు. బరాసీ విగ్రహం స్టేడియం ప్రాంగణంలో బ్రాడ్‌మన్, ఒలింపిక్ పరుగుల విజేత బెట్టీ కత్‌బర్ట్ లాంటివాళ్ళ విగ్రహాలతో పాటు ఉంది.

బావగారు ఆ విగ్రహం ముందు నిలబడి 1964 కథ చెప్పారు. ఆరో ప్రీమియర్‌షిప్ గెలిచిన కొద్ది నెలలకే, 28 ఏళ్ళ వయసులో, బరాసీ తనని పెంచిన క్లబ్‌ని వదిలి కార్ల్‌టన్ అనే మరో క్లబ్‌కి ఆటగాడు-కోచ్‌గా వెళ్ళిపోయాడు. ఊరు ఊరంతా విస్తుపోయింది. ఆ తర్వాత మెల్‌బోర్న్ మళ్ళీ ప్రీమియర్‌షిప్ గెలవడానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది. "నార్మ్ స్మిత్ నీడలో ఉంటే ఆయన కోచ్ అయ్యేవాడు కాదు" అన్నారు బావగారు. నాకూ అదే సరైన మాట అనిపించింది. పెంచినవాళ్ళ దగ్గర్నుంచి వెళ్ళడానికి గుండెధైర్యం కావాలి.

టూర్‌లో డ్రెస్సింగ్ రూములు చూపించారు. స్టాండ్లన్నీ తర్వాత కొత్తగా కట్టినవే కాబట్టి 1970 గ్రాండ్ ఫైనల్, అంటే ప్రీమియర్‌షిప్‌ని తేల్చే మ్యాచ్, నాటి కార్ల్‌టన్ గది ఇప్పుడు లేదు. అయినా ఆ బెంచీల మీద కూర్చుంటే ఆ గ్రాండ్ ఫైనలే గుర్తొస్తుంది. స్టేడియంలో 1,21,696 మంది, ఆస్ట్రేలియాలో ఫుటీ మ్యాచ్‌కి అదే రికార్డు. సగం ఆట అయ్యేసరికి కాలింగ్‌వుడ్ 44 పాయింట్ల ముందుంది. కార్ల్‌టన్ కోచ్ బరాసీ గదిలోకి వచ్చి, హ్యాండ్‌బాల్ చేయండి, ఆగకుండా చేయండి అన్నాడు. చేతిలో బంతి పెట్టుకుని పిడికిలితో పక్కవాడికి కొట్టడమే హ్యాండ్‌బాల్. ఇబ్బందిలో పడితే తప్ప అప్పట్లో జట్లు దాని జోలికి వెళ్ళేవి కావు. దాన్నే దాడికి వాడమన్నాడు. బెంచీ మీద ఉన్న టెడ్ హాప్కిన్స్ అనే సన్నటి కుర్రాణ్ణి దింపాడు. ఆ కుర్రాడు నాలుగు గోల్స్ కొట్టాడు (ఫుటీలో గోల్‌కి ఆరు పాయింట్లు). కార్ల్‌టన్ పది పాయింట్ల తేడాతో గెలిచింది. ఓడిపోతున్న మ్యాచ్‌లో జాగ్రత్త పడకుండా తెగించమన్నాడు చూడండి, కోచ్‌గా ఆయన గొప్పదనం నాకు అక్కడే కనిపించింది.

1972లో ఒక్క మ్యాచ్ మాత్రమే గెలిచి అట్టడుగున ఉన్న నార్త్ మెల్‌బోర్న్‌ని మరుసటి ఏడాది చేతిలోకి తీసుకున్నాడు. 1974 నుంచి వరసగా ఐదేళ్ళు గ్రాండ్ ఫైనల్ ఆడించాడు. 1975లో ఆ క్లబ్‌కి చరిత్రలోనే మొదటి ప్రీమియర్‌షిప్. 1977లో ఫైనల్ టై అయితే, వారం తర్వాత మళ్ళీ ఆడి గెలిచారు.

1981లో మెల్‌బోర్న్‌కే కోచ్‌గా తిరిగొచ్చాడు. మొదటి ఏడాది ఒక్కటే గెలుపు, ఐదేళ్ళలో ఒక్కసారీ ఫైనల్స్ (సీజన్ చివర పై జట్లు ఆడే మ్యాచ్‌లు) లేవు. గెలుపోటముల పట్టిక చూస్తే ఇది వైఫల్యమే. కానీ ఐర్లండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళని తెచ్చి ఫుటీ నేర్పుదామన్న ఆలోచన ఆ రోజుల్లోనిదే. అలా 1984లో డబ్లిన్ నుంచి వచ్చిన కుర్రాడే జిమ్ స్టైన్స్. పుట్టినప్పట్నుంచీ ఈ బంతి ముట్టనివాడు 1991లో లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు, వరసగా 244 మ్యాచ్‌లు ఆడి రికార్డు సృష్టించాడు. బరాసీని స్మిత్ కుటుంబం చేరదీసింది, బరాసీ ఉన్న క్లబ్ స్టైన్స్‌ని చేరదీసింది. పట్టికలో కనబడని ఈ వరసే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. 1993లో, దేశమంతా అయ్యో అనుకుంటున్న సిడ్నీ స్వాన్స్ జట్టుకి కోచ్‌గా వెళ్ళినప్పుడూ ఆయన చేసింది ఆ పనే. ఆయన తప్పుకున్న మరుసటి ఏడాది, 1996లో, ఆ జట్టు గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్ళింది.

శనివారం మ్యాచ్ మెల్‌బోర్న్‌కీ కార్ల్‌టన్‌కీ. ఎముకలు కొరికే చలి, మెడకి స్కార్ఫులు, చేతుల్లో వేడి వేడి పైలు. మొదటి క్వార్టర్ అవగానే కోచ్‌లిద్దరూ మైదానంలోకి వచ్చి ఆటగాళ్ళని చుట్టూ నిలబెట్టుకుని మాట్లాడారు. అందరి కళ్ళెదుటే. పక్క సీటు పెద్దాయన చిన్నప్పట్నుంచీ మెల్‌బోర్న్ అభిమానినన్నాడు. బరాసీ వెళ్ళిపోయినప్పుడు కోపం రాలేదా అని అడిగాను. చాలా ఏళ్ళు ఉందని, 2023 సెప్టెంబర్‌లో ఆయన పోయినప్పుడు మాత్రం ఏడ్చానని చెప్పాడు.

ఎంసీజీ చూడాలనుకునేవాళ్ళు మ్యాచ్ లేని రోజున టూర్ తీసుకోండి. జోలిమాంట్ వైపు నుంచి నడిస్తే స్మిత్, స్టైన్స్ ముందు కనిపిస్తారు, బరాసీని ఆ తర్వాత వెతుక్కోండి. కారు ఉంటే గిల్‌ఫర్డ్‌కి కూడా ఒక పూట కేటాయించండి.