చెరువుగట్టు ఛానల్‌కి బ్యానర్: నాలుగు ఆదివారాల లెక్క

నవంబరు 9, ఆదివారం

వారమంతా నెల్లూరు దగ్గర బుచ్చిరెడ్డిపాళెం రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. ఆదివారం తెల్లవారుజామున సైకిల్ తీసి ఏదో ఒక చెరువు దాకా పోయి వస్తాను. తూము ఎక్కడుంది, ఎక్కువైన నీళ్లు పోయే కలుజు ఏ మూల ఉంది, ఆయకట్టు కింద ఏం పైరు వేశారు, ఇవే నా వీడియోలు. యూట్యూబ్‌లో ఛానల్ పేరు ‘చెరువుగట్టు’. ముప్పై ఒక్క వీడియోలు అయ్యాయి గానీ ఛానల్ పేజీ పైన అడ్డంగా ఉండే బొమ్మ, అదే బ్యానర్, లేదు. చూసేవాళ్ళకి తలుపు లేని ఇల్లులాగా ఉంది.

బ్యానర్ అవసరం నిజంగా తెలిసింది ఒక కామెంటు వల్ల. ‘జాతర వీడియో ఎప్పుడు పెడతారన్నా’ అని అడిగారు. ఏ జాతర అని బుర్ర గోక్కున్నాక అర్థమైంది. నల్గొండ దగ్గర చెరువుగట్టు అనే ఊరుంది, అక్కడ జడల రామలింగేశ్వర స్వామి గుడి ఉంది. ఆయన ఆ ఊరనుకున్నాడు. తప్పు ఆయనది కాదు. బ్యానర్ మీద ‘నెల్లూరు’ అనే మాట ఉండి తీరాలని ఆ రోజే రాసి పెట్టుకున్నాను.

ముందు మా వీధి చివర ఫ్లెక్సీ షాపుకి పోయాను. బ్యానర్ అనగానే ఆ అబ్బాయి “పది బై నాలుగా అన్నా, ఎనిమిది బై మూడా?” అన్నాడు. యూట్యూబ్‌కి అని చెప్పినా అతని చెయ్యి అడుగుల్లోనే పోయింది. అక్షరాలు మాత్రం డీటీపీ వాళ్ళు వాడే ‘అను’ ఫాంట్లలో ముచ్చటగా పెట్టాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంటికొచ్చి ఎక్కిద్దామంటే ఫైలు 14 ఎంబీ. యూట్యూబ్ 6 ఎంబీ దాటితే తీసుకోదు. కుదించి ఎక్కిస్తే పచ్చటి గట్టు పాచి రంగులోకి తిరిగింది. ఫ్లెక్సీ అచ్చుకి వాడే సీఎంవైకే రంగుల్లోనే ఫైలు ఇచ్చాడు. తెర మీద చూసే బొమ్మకి ఆర్‌జీబీ కావాలి. పైగా పదికి నాలుగు అంటే రెండున్నర ఇంతల వెడల్పు, యూట్యూబ్ అడిగేది 16:9. అటూ ఇటూ కోసుకుపోయి ‘రువుగట్’ మిగిలింది. అతనికి ఇచ్చిన రెండొందలు ట్యూషన్ ఫీజు అనుకున్నాను.

నవంబరు 12, బుధవారం రాత్రి

ఇక నేనే చేసుకుందామని జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. ఉచితం, మా పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది.

కొలతలు ముందు కాగితం మీద వేసుకున్నాను. మిల్లులో ఏ పనైనా అట్లాగే మొదలుపెడతాను. బొమ్మ మొత్తం 2560 x 1440 పిక్సెళ్లు. ఇంతకంటే తక్కువ ఉంటే 2048 x 1152 దాకా తీసుకుంటుంది, దానికి కిందికి పోతే తీసుకోదు. అయితే ఈ మొత్తం బొమ్మ కనిపించేది టీవీలోనే. కంప్యూటర్‌లో వెడల్పు నిండా ఉంటుంది గానీ ఎత్తు 423 మాత్రమే, అంటే మధ్యలో పొడుగాటి పట్టీ. ట్యాబ్లెట్‌లో ఆ పట్టీయే 1855 దాకా. ఫోనులో 1546 x 423. ఎందులో చూసినా తెగకుండా కనిపించేది ఈ చివరిదే.

1546ని 423తో గుణించి మొత్తంతో భాగిస్తే దాదాపు 18 శాతం వచ్చింది. అయిదో వంతు కూడా లేదు. నా వీడియోలు చూసేవాళ్ళు దాదాపు అందరూ ఫోనులోనే చూస్తారు కాబట్టి, నేను గీసే దాంట్లో అయిదింట నాలుగు వంతులు వాళ్ళ కంటికి చేరదు. ఈ ఒక్క లెక్క ముందే వేసుకుని ఉంటే ఫ్లెక్సీ షాపు మెట్లు ఎక్కేవాణ్ణి కాదు.

జింప్‌లో గైడ్లు వేసుకోవడానికి అంకెలు ఇవి: నిలువు గీతలు 507 దగ్గర, 2053 దగ్గర. అడ్డగీతలు 508 దగ్గర, 931 దగ్గర. ఈ నాలుగింటి మధ్య ఉన్నదే ఫోను గది. ట్యాబ్లెట్ కోసం 352, 2207 దగ్గర ఇంకో రెండు నిలువు గీతలు వేశాను గానీ వాటి అవసరం పెద్దగా పడలేదు.

నవంబరు 16, ఆదివారం

ఫోటోల సంగతి. నా దగ్గరున్న వాటిలో నాకు బాగా ఇష్టమైనది గట్టు మీద వరుసగా నిలబడ్డ తాటిచెట్ల ఫోటో. దాన్ని పెట్టి కంప్యూటర్ పట్టీ ఎలా ఉంటుందో కోసి చూశాను. మా అమ్మాయి వెనక నుంచి చూసి “నాన్నా, కరెంటు స్తంభాలు పెట్టావేంది?” అంది. నిజమే. చెట్ల తలలు పోయి మొండేలు మిగిలాయి. రంగనాథస్వామి గుడి గాలిగోపురంతో కూడా ఒకటి ప్రయత్నించాను. కలశాలు పోయాయి, కింద ద్వారం పోయింది, మధ్యలో రెండంతస్తుల బొమ్మలు మిగిలాయి. ఏ గుడో పోల్చుకోవడం కష్టం.

వెడల్పు ఎత్తుకి ఆరింతలు ఉన్న పట్టీలో నిలువుగా ఉండేది ఏదీ ఇమడదు. పొడుగ్గా, పొట్టిగా ఉండేది కావాలి. వంతెన, పడవల వరుస, నారుమడి, గొర్రెల మంద. ఇలా జాబితా రాసుకుంటూ పోతే నాకే నవ్వొచ్చింది. చెరువు గట్టు కంటే పొడుగ్గా, పొట్టిగా ఉండేది లోకంలో ఇంకేముంది? పేరు పెట్టిన రోజున ఇది ఆలోచించలేదు.

ఈరోజు సాయంత్రం కనిగిరి రిజర్వాయర్‌కి పోయాను. (ఈ పేరుతో కూడా ఒక తంటా ఉంది. కనిగిరి అనే ఊరికీ దీనికీ సంబంధం లేదు. ఇది మా బుచ్చి పక్కనే.) వానలకి నీళ్లు బాగా చేరాయి. గట్టు వంపు తిరిగే చోట నిలబడితే ఎడమ వైపు గట్టు దగ్గరగా, లావుగా కనిపిస్తుంది. కుడివైపుకి పోయే కొద్దీ సన్నబడి గీతలాగా అయిపోతుంది. పొద్దు గుంకే వేళ ఎదురు వెలుగులో గట్టంతా నల్లగా ఉంది. లావుగా నల్లగా ఉన్న చోట తెల్ల అక్షరాలు పెట్టుకోవచ్చు, సన్నబడిన చోట నీళ్లు, ఆకాశం వదిలేయవచ్చు. నాలుగడుగులు అటూ ఇటూ జరుగుతూ పద్దెనిమిది ఫోటోలు తీశాను.

ఫోను అడ్డంగా పట్టుకుని తీస్తే నా ఫోటో 4000 x 3000 వస్తుంది. 16:9కి కోస్తే 4000 x 2250. దాన్ని 2560కి తగ్గించడమే, పెంచనక్కర్లేదు. చిన్న ఫోటోని సాగదీస్తే మసక వస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటోలు ఈ పనికి వాడొద్దు, అవి దారిలోనే చిక్కిపోయి వస్తాయి.

నవంబరు 19, బుధవారం

అక్షరాల పని. అనుకున్న దానికంటే దీనికే ఎక్కువ టైమ్ పట్టింది.

మిల్లు కంప్యూటర్‌లో ఉన్న ఒక పాత సాఫ్ట్‌వేర్‌లో మొదట ప్రయత్నిస్తే ‘చెరువుగట్‌టు’ అని పడింది. వత్తు కిందికి దిగకుండా పక్కన కూర్చుంది. తెలుగు వత్తులు, గుణింతాలు కలిపే ఏర్పాటు ఆ ప్రోగ్రాంలో లేకపోతే ఇలాగే అవుతుంది. జింప్‌లో ఆ బాధ లేదు.

ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికాయి. మండలి సన్నగా, చక్కగా ఉంటుంది గానీ ఫోనులో తేలిపోయింది. ధూర్జటి చూశాను, ఎన్టీఆర్ చూశాను. చివరికి రామభద్ర. అది బాగా లావు, శీర్షికల కోసమే చేసిన ఫాంటు. దూరం నుంచి కూడా నిలబడింది.

ఇప్పుడు సైజు. నా ఫోను తెర వెడల్పు 68 మిల్లీమీటర్లు. అంచులు పోను బ్యానర్‌కి దొరికేది 65 అనుకుందాం. 1546 పిక్సెళ్లు ఆ 65 మిల్లీమీటర్లలో పడాలి. అంటే బొమ్మలో 100 పిక్సెళ్ల ఎత్తు ఫోనులో 4 మిల్లీమీటర్ల పైచిలుకు. నేను కింద ఒక చిన్న వాక్యం కూడా పెట్టాను, ‘ప్రతి ఆదివారం సైకిల్ మీద ఒక చెరువు’ అని, 48 సైజులో. ఫోనులో అది 2 మిల్లీమీటర్లు. తెలుగులో ఆ రెండు మిల్లీమీటర్లూ అక్షరానికి దక్కవు. పైన గుడికి, ఎత్వానికి కొంత, కింద వత్తుకి కొంత పోయి అక్షరం ఒళ్లు అందులో సగమే మిగులుతుంది. ఇంగ్లీషు బ్యానర్ల కోసం చెప్పే సైజులు మనకి సరిపోనిది ఇందుకే. ఆ వాక్యం తీసేశాను. బాధేసింది గానీ, ఏ ఆదివారమైనా వాన పడితే మాట తప్పినవాణ్ణి అవుతానని కూడా తోచింది.

మిగిలినవి రెండు మాటలు. ‘నెల్లూరు’ పైన చిన్నగా, ‘చెరువుగట్టు’ కింద పెద్దగా. ఎడమ అంచులు కలిపి పెడితే ‘ల్లూ’లోని ల వత్తు కిందికి దిగి ‘చె’ మీది ఎత్వానికి తగులుకుంది. వరుసల మధ్య ఎడం పెంచుదామంటే ఉన్నదే 423. అప్పుడు ‘నెల్లూరు’ని కుడికి జరుపుకుంటూ పోయాను. వత్తు సరిగ్గా ‘రు’ మీదికి వచ్చేసరికి సర్దుకుంది, అక్కడ పైన తలకట్టు ఒక్కటే కదా. చూడ్డానికి కూడా కావాలని అలా పెట్టినట్టే ఉంది. ఎత్వం తల నుంచి ట వత్తు అడుగు దాకా ‘చెరువుగట్టు’ 190 పిక్సెళ్లు, ‘నెల్లూరు’ 95, మధ్య ఎడం 30. మొత్తం 315. పైనా కిందా 54 చొప్పున ఊపిరాడే చోటు మిగిలింది. మూలలకి ఏదీ ఆనించలేదు, పేజీలో బ్యానర్ మూలలు గుండ్రంగా తెగుతాయి.

ఫోనులో ఎలా ఉంటుందో చూడ్డానికి ప్రతిసారీ ఎక్కించనక్కర్లేదు. మా కంప్యూటర్‌లో జూమ్ 16 శాతం పెడితే ఆ గది దాదాపు ఫోను సైజులో కనిపిస్తోంది. కుర్చీ కాస్త వెనక్కి లాక్కుని చదవగలిగితే చాలు.

నవంబరు 23, ఆదివారం

జేపెగ్‌గా, క్వాలిటీ 90తో తీస్తే 1.6 ఎంబీ వచ్చింది. అదే పీఎన్‌జీలో 6 ఎంబీ దాటింది. ఫోటో ఉన్న బ్యానర్‌కి జేపెగ్ చాలు.

యూట్యూబ్ స్టూడియోలో కస్టమైజేషన్‌లోకి పోయి బ్యానర్ ఎక్కించాను. అక్కడ టీవీకి ఏది, కంప్యూటర్‌కి ఏది, అన్నిటికీ ఏది అని గళ్లు గీసి చూపిస్తుంది. నా గైడ్లు దాంతో కలిశాయి. కానీ ఆ గళ్లు ఎక్కడ తెగుతుందో చెబుతాయంతే, చదవడానికి వస్తుందో లేదో చెప్పవు. ఆ పని 16 శాతం జూమ్‌దే.

తర్వాత గంటసేపు ఫోనులో చూస్తే మార్పే లేదు. కాస్త టెన్షన్ పడి మళ్లీ స్టూడియో తెరిస్తే పబ్లిష్ బటన్ నొక్కలేదు. ఇంకేం చెప్పను.

నవంబరు 30, ఆదివారం

కోవూరులో బావమరిది ఇంటికి భోజనానికి పోయాం. వాళ్ళ 43 అంగుళాల టీవీలో ఛానల్ పెట్టించాను, చూపించుకుందామని. తెర మీద ఆకాశం, నీళ్లు, గట్టు అన్నీ పడ్డాయి. అందరూ బాగుందన్నారు. బావమరిది మాత్రం దగ్గరికి పోయి చూసి, “బావా, ఆ కింద మూల చెత్త ఏంది?” అన్నాడు.

నీళ్ల అంచున ప్లాస్టిక్ కవర్ల కుప్ప. దాని పక్కన నా సైకిల్ వెనక చక్రం సగం. మూడు వారాలు ఆ మధ్య పట్టీనే చూస్తూ, గైడ్ల బయట ఏముందో ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు.

రాత్రి ఇంటికొచ్చి ఆ పద్దెనిమిది ఫోటోలు మళ్లీ తిరగేశాను. నాలుగడుగులు పక్కకి జరిగి తీసిన దాంట్లో కవర్లు లేవు, చక్రం లేదు, గట్టు వంపు మాత్రం అలాగే ఉంది. అదృష్టం కొద్దీ జింప్ ఫైలుని ఎక్స్‌సీఎఫ్‌గా దాచుకున్నాను. అందులో అక్షరాలు ఒక పొర, ఫోటో ఇంకో పొర. కింద ఫోటో మార్చి, గట్టు అక్షరాల వెనక్కి వచ్చేలా కాస్త జరిపితే పావుగంటలో పని అయిపోయింది. జేపెగ్ ఒక్కటే దాచుకుని ఉంటే ఆ ‘నెల్లూరు’ని మళ్లీ కుడికి జరుపుకుంటూ కూర్చునేవాణ్ణి. ఈసారి పబ్లిష్ నొక్కాను.

ఇక మిగిలింది ప్రొఫైల్ బొమ్మ. 800 x 800లో చెయ్యాలి గానీ గుండ్రంగా కోస్తుంది, కనిపించేది చాలా చిన్న సైజులో. ఛానల్ పేరు మొత్తం అందులో పట్టదు. నేను ‘చె’ పెడదామంటే మా అమ్మాయి ‘ట్టు’ పెట్టమంటోంది, వత్తుతో సహా గుండ్రంగా బాగుంటుందట. రెండూ గీసి ఫ్రిజ్ మీద అతికించాం.