టైరు కొనేముందు కంపెనీ పేరు కాదు, తేదీ అడగండి

వైజాగ్‌లో టైర్లు అరిగిపోయి మార్చేవాళ్ల కంటే ముసలివైపోయి మార్చాల్సినవాళ్లే ఎక్కువ అని నా అనుమానం. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం ఆఫీసుకి, ఆదివారం భీమిలి దాకా, ఏడాదికి ఓసారి అరకు... ఇలా తిరిగే కారుకి కిలోమీటర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? గాడి చూస్తే ఇంకా లోతుగానే ఉంటుంది, కానీ ఏళ్ల తరబడి ఎండలో నిలబడి నిలబడి రబ్బరు గట్టిపడిపోతుంది, సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. గాడి మధ్యలో అడ్డంగా చిన్న చిన్న దిమ్మెలు ఉంటాయి కదా, అరుగుదల వాటి దాకా వస్తే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, చట్టప్రకారం ఇక టైరు పని అయిపోయినట్టే. మా బండికి ఆ గొడవే రాలేదు, అంతకంటే ముందే పగుళ్లు వచ్చేశాయి.

సైజు విషయంలో ప్రయోగాలొద్దు. మాది 185/65 ఆర్15 88హెచ్. 185 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే ఆ వెడల్పులో టైరు ఎత్తు శాతం, 15 అంటే రిమ్ము అంగుళాల్లో. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుందని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. వెడల్పు పెంచితే లుక్ వస్తుంది నిజమే, మైలేజీ మాత్రం తగ్గుతుంది. చివర ఉన్న ఆ 88, హెచ్ కారు కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గకుండా చూసుకుంటే చాలు.

అసలు సంగతి తేదీ. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగంకెలుంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. చాలా టైర్లకి ఒకవైపే ఉంటుంది, తిప్పి చూడాలి. ఒక షాపులో ఫోన్ లైటు వేసి చూస్తుంటే "అది బ్యాచ్ నంబరు సార్" అన్నాడు. మూడేళ్ల కిందటి స్టాకు అది. ఆ మాట అంటే "బియ్యంలాగే సార్, పాతబడితేనే బాగుంటాయి" అన్నాడు! నవ్వొచ్చింది గానీ అక్కడ కొనలేదు. ఆరు నెలల లోపు తయారైనవి అడిగితే వేరే షాపువాళ్లు గోడౌన్ నుంచి తెప్పించారు.

తర్వాత అందరూ అడిగే ప్రశ్న, ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుంది అని. నన్నడిగితే మనకది అనవసరం. ఎక్కువ కాలం రావాలని గట్టి రబ్బరుతో చేసినవాటికి తడి రోడ్డు మీద పట్టు కాస్త తక్కువగానే ఉంటుంది. మన దగ్గర జూన్ నుంచి అక్టోబరు తుపాన్ల దాకా వానలే, పైగా శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్‌లో వానలో బ్రేకు వేస్తే టైరు విలువ ఏంటో తెలుస్తుంది. ఎలాగూ అరగకముందే ముసలివయ్యే టైర్లకి కిలోమీటర్ల లెక్క దేనికి? అందుకే నీళ్లు బయటికి తోసేలా వెడల్పాటి గాడులున్న మెత్తటి రకం తీసుకున్నాను.

అచ్యుతాపురంలో యోకోహామా ఫ్యాక్టరీ ఉంది కదా, ఇక్కడ చవగ్గా దొరుకుతాయేమో అని మా బాబాయి సలహా. అక్కడ మొదట్లో పొలాల్లో, గనుల్లో తిరిగే బండ్ల టైర్లే చేసేవాళ్లు, తర్వాత కార్లవీ మొదలుపెట్టారు, కానీ నేను దాన్ని నమ్ముకుని కూర్చోలేదు. బేరం ఆడేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, పాత రేటు కాగితం చూపిస్తే ఒప్పుకోవద్దు. వాల్వులు కొత్తవి వేయించండి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ కూడా అప్పుడే అయిపోవాలి. గాలికి బదులు నైట్రోజన్ నింపించుకోవడానికి డబ్బులు దండగ, మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంది.

ఇక రెండే మారుస్తుంటే కొత్తవి వెనక్కే. ముందు చక్రాలు జారితే స్టీరింగ్ బరువు తగ్గినట్టు చేతికి తెలుస్తుంది, వెనకవి జారితే బండి గిర్రున తిరిగాకే తెలుస్తుంది. ఇది మా బావకి ఎంత చెప్పినా ఎక్కలేదు, "ఇంజిన్ లాగేది ముందు చక్రాలే కదరా" అంటూ గాజువాకలో కొత్తవి రెండూ ముందుకే వేయించుకొచ్చాడు. వానలు మొదలయ్యేలోపు ఎలాగైనా వెనక్కి మార్పించాలి.