ఎస్టేట్ అంబాసిడర్: ముందు బ్రేకులు, తర్వాతే ఇంజిన్

పాత బండి కొన్నానంటే చాలు, మన నల్గొండలో అందరి సలహా ఒకటే: "ఇన్నోవా ఇంజిన్ కొట్టించెయ్ అన్నా, మస్తు పోతది." నేను వినలేదు. మిర్యాలగూడలో ఓ రైస్ మిల్లు గోదాంలో పడున్న అంబాసిడర్ ఎస్టేట్ (వెనక డిక్కీ బదులు పైకప్పు చివరిదాకా సాగి, సామాన్లకి తలుపుండే రకం) కొన్నా, ఆర్సీలో 1972 అని ఉంది. అందులోకి వెళ్తున్నది అంబాసిడర్ కంపెనీయే తర్వాతి మోడల్‌కి వేసిన, జపాన్ ఇసుజు వాళ్ల 1.8 పెట్రోల్ ఇంజిన్, దాని ఐదు గేర్ల బాక్సుతో సహా. అందరికీ ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

అంబాసిడర్‌కి లారీలాగా విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. ఇన్నోవాది లాంటి పెద్ద డీజిల్ ఇంజిన్ పట్టాలని ముందు భాగం కోస్తే ఆ బలం పోతుంది, ముందు స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్ల మీద బరువు పెరుగుతుంది, పైగా ఆ ఇంజిన్ కంప్యూటరూ వైరింగూ హాలియా దగ్గర రోడ్డు మీద మొరాయిస్తే చూసేవాడెవడు? ఇసుజు అలా కాదు. 1990ల్లో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే ఫ్యాక్టరీలో ఇదే రకం బాడీకి బిగించి అమ్మారు కాబట్టి ఇంజిన్ ఫౌండేషన్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్, పెడల్స్ అన్నీ తుక్కుకి పోయే ఒక్క అంబాసిడర్‌లోనే దొరుకుతాయి. పాత 1489 సీసీ ఇంజిన్ ఇచ్చేది దాదాపు 50 హార్స్‌పవర్, ఇది 75. చాలదా అంటే, నాకెవడితోనూ పందెం లేదు. డీజిలే కావాలనుకునేవాళ్లకి అదే కంపెనీ వేసిన ఇసుజు 2.0 కూడా ఉంది.

కానీ నేను డబ్బు మొదట పెట్టింది ఇంజిన్ మీద కాదు. ఈ బండికి నాలుగు చక్రాలకీ పాతకాలం డ్రమ్ బ్రేకులే, కాలి తొక్కుడుకి బలం కలిపే బూస్టర్ లేదు. అలాంటిదాన్ని ఇంకా స్పీడుగా పరిగెత్తించి, వెనక నాలుగు బస్తాలేసుకుని, నార్కట్‌పల్లి రోడ్డులో గేదెలు అడ్డమొస్తే ఎలా ఆపుతారు? తర్వాతి మోడల్ అంబాసిడర్ల ముందు డిస్కులు, బూస్టర్, మాస్టర్ సిలిండర్ తెచ్చి బిగించాకే ఇంజిన్ సంగతి మొదలుపెట్టాం. పాత లివర్ రకం షాక్ అబ్జార్బర్లు తీసేసి ఇప్పటి గొట్టాల్లాంటి టెలిస్కోపిక్‌వి పెట్టించా, వెనక కమాన్ పట్టీలు విప్పి కొత్త బుష్‌లు వేయించా.

బాడీ పని అన్నిటికంటే ఎక్కువ తినేసింది. మిల్లులో ఉన్న బండి కదా, తలుపుల కింది భాగంలో, ఫ్లోర్ మూలల్లో ఊక చేరి, దానికి వానాకాలం చెమ్మ తోడై, రేకు లోపలినుంచి తినేసింది, పైకి మాత్రం పెయింట్ నిగనిగలాడుతోంది. కోయబోతుంటే టింకరింగ్ మేస్త్రి ఆపాడు. "ముందు తలుపుల సందుల్లో పైపులు అడ్డంగా వెల్డింగ్ కొడదాం అన్నా, లేకుంటే నడుము వంగుతది, తర్వాత తలుపులు పడవు" అన్నాడు. వేరే చోట తొందరపడి కోసిన బండ్లు చూశాను, వాటి తలుపులు ఇప్పటికీ కాలితో తన్ని మూస్తున్నారు.

ఇసుజు ఇంజిన్ విప్పితే ఇంకో కథ. మన జిల్లా బోరు నీళ్ల సంగతి చెప్పాలా! టీ గిన్నె అడుగున తెల్లగా కట్టే సున్నమే ఇంజిన్ చుట్టూ నీళ్లు తిరిగే వాటర్ జాకెట్‌లోనూ కడుతుంది. ఎవరో ఏళ్లతరబడి రేడియేటర్‌లో బోరు నీళ్లే పోశారు, దారులన్నీ పూడిపోయాయి. మే నెల ఎండలో బండి ఉడికితే అందరూ రేడియేటర్‌ని తిడతారు కానీ చాలాసార్లు జబ్బు లోపలుంటుంది. బ్లాకు పక్క ప్లగ్గులు ఊడదీయించి కెమికల్‌తో కడిగించా. ఇకమీదట డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ తప్ప వేరేది పోసేది లేదు.

ఇక కాగితాలు. యాభై ఏళ్లు దాటిన బండికి 2021 కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది, నంబర్లో వీఏ అక్షరాలు కూడా వస్తాయి, కానీ బాడీ షెల్, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు, పైగా రోజువారీ తిరగకూడదు, ర్యాలీలు, ఎగ్జిబిషన్ల లాంటివాటికి మాత్రమే. నాకు పిల్లల్నేసుకుని సాగర్ పోవాలని ఉంది, గుట్టకి పోవాలని ఉంది, కాబట్టి ఆ నంబర్ నాకొద్దు. అలాగని ఇష్టమొచ్చినట్టు మార్చడమూ కుదరదు, కంపెనీ ఇచ్చిన వివరాలకి ఆర్సీ తేడా ఉండకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. ఇంజిన్ మార్పుకి రవాణా శాఖ అనుమతి కావాలి. అప్లికేషన్ పెట్టా, జవాబు రాలేదు. అది వచ్చేదాకా ఇంజిన్ స్టాండు మీదే ఉంటుంది, బండి షెడ్డు దాటదు. ఇది రిస్కే, వాళ్లు కాదంటే పాత 1489నే బోరింగ్ చేయించి వేసుకుంటా, బ్రేకులైతే ఎటూ వృథా కావు.

ఈలోగా కావాల్సింది ఒక్కటే, వెనక తలుపు అద్దం. మామూలు అంబాసిడర్‌ది పనికిరాదు. కోల్‌కతా మల్లిక్ బజార్‌లో కూడా అడిగించా, దొరకలేదు. మీ ఊళ్లో ఏ పాత షెడ్డులోనైనా ఎస్టేట్ తుక్కు కనిపిస్తే చెప్పండి, పగుళ్లు లేని అద్దమైతే నేనే వచ్చి విప్పుకుంటా.