పుంజును కవర్లో పెట్టి ఇయ్యాల్నా?

రాత్రి సంగటి తింటూ మా ఆయన, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా, "ఈసారి కోత పండక్కి వేలం లేదు, కానుకలకు కవర్లు పంచుతారు" అన్నాడు. మా చర్చి పాస్టరేట్ కమిటీలో తీర్మానం అయిపోయిందట. "మరి మీరేమన్నారు?" అని అడిగితే ఊరిబిండి ఇంకొంచెం వేయమన్నాడు. అప్పటి నుంచి మండుతూనే ఉంది. పదకొండు దాటింది, అందరూ పడుకున్నారు, నేను ఇది టైపు చేస్తున్నాను.

వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. వేలం పెడితే మధ్యాహ్నం దాటుతుంది, యూత్ మధ్యలోనే లేచి పోతున్నారు. యూట్యూబ్‌లో లైవ్ పోతుంటే కోళ్ళు అరవడం బాగుండదట. లెక్క రాయడం కూడా తేలికట. కవరు మీద పేరుకొక గీత, మొత్తానికొక గీత ఉంటాయి, ఆరాధన చివర్లో అన్నీ చదివి వినిపిస్తారు. ఈ ఆలోచన ఎవరిదో చెప్పను గానీ, ఆయన ఏటా పండక్కి వచ్చేదే ఫోటోలు తీసే టైముకు.

కోత పండగంటే అసలు ఏమిటి? పల్లెల్లో సంఘాలు మొదలైనప్పుడు మనవాళ్ళ చేతిలో నోట్లెక్కడివి? బుడ్డలుండేవి, సజ్జలుండేవి, కొర్రలుండేవి. ఇంట్లో ఏది ఉంటే అది గుడికి తెచ్చారు. తెచ్చినవి డబ్బు కావాలి కాబట్టి వేలం వచ్చింది. ఇప్పటికీ మా గుడికి వచ్చే వాళ్ళలో ఏటా జీతం పెరిగేవాళ్ళున్నారు, వాన కోసం ఆకాశం చూసేవాళ్ళున్నారు. ఇద్దరికీ ఒకే కవరు ఇచ్చి పేరు రాయమంటే, రెండోవాళ్ళు ఆ ఆదివారం జ్వరమొచ్చిందని ఇంట్లో ఉండిపోతారు. తర్వాత అదే కమిటీ కూర్చుని, జనం ఎందుకు తగ్గుతున్నారని చర్చ పెడుతుంది. టీ, బిస్కెట్లతో సహా.

అత్త మంచం మీద నుంచే అంతా వినింది. "వేలం లేకుంటే నా పుంజును ఎట్ల ఇయ్యాల? కవర్లో పెట్టి ఇయ్యాల్నా?" అంది. మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

జమ్మలమడుగులో మా చిన్నప్పటి వేలం ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది. క్యాంబెల్ ఆసుపత్రిలో కాంపౌండరు కదా, గొంతు పెద్దదని వేలం పాడించే పని ప్రతి ఏడూ నాన్నకే. సొరకాయను ఎత్తి పట్టుకుని, దాని వంకరను పొగిడి పొగిడి ధర పెంచేవాడు. చీనీకాయల బుట్ట డాక్టర్ల వైపు, గుడ్లు నర్సుల వైపు పోయేవి. ఒక ఏడు ఇద్దరు అన్నదమ్ములు ఒక పుంజు కోసం పంతం పట్టారు. చేని గట్టు తగాదా ఉంది వాళ్ళకు. అన్న ఒక మాట, తమ్ముడు ఒక మాట, గుడంతా ఈలలు. పుంజు ధర దాటింది, పొట్టేలు ధర దాటింది. నాన్న ఆపొచ్చు, ఆపలేదు. సంఘానికి డబ్బొస్తుంది కదా అనుకున్నాడేమో. తమ్ముడే గెలిచాడు, మేమంతా చప్పట్లు కొట్టాం.

ఇక్కడిదాకా రాసి, వేలం ఎంత బాగుండేదో చూడండి అని ముగిద్దామనుకున్నాను. కానీ ఆ తర్వాత జరిగింది కూడా గుర్తొచ్చి కూర్చుంది. ఆ తమ్ముడి దగ్గర అంత డబ్బు లేదు. బాకీ రాశారు. మరుసటి ఏడు పండక్కి ముందు వేలం బాకీల పట్టీ చదివారు, అందులో ఆయన పేరు వచ్చింది. భార్య పక్కనే కూర్చుని ఉంది. ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు మా గుడికి రాలేదు, బజారు అవతల ఎవరింట్లోనో జరిగే ప్రార్థనలకు పోయేవాళ్ళని అమ్మ చెప్పేది. పుంజును ఎవరు కోసుకున్నారో కూడా గుర్తులేదు.

అంటే వేలంలోనూ పేరు, ధర అరిచి చెప్పేవాళ్ళమే కదా. అప్పుడు అరిచింది మా నాన్న కాబట్టి నాకు ముద్దుగా అనిపించింది.

పద్ధతి మారితే సంఘం పాడైపోతుందని కూడా అనలేను. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో వేరు వేరు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు నంద్యాల వైపు ఆంగ్లికన్లలో, అంటే ఇంగ్లాండ్ చర్చి పద్ధతివాళ్ళలో, కొందరు కలవలేదు, చాలా ఏళ్ళు బయటే ఉండిపోయారు. అత్త పుట్టిల్లు ఆ కోవే. ఆమెకు పుస్తకం చూసి, మోకాళ్ళ మీద చేస్తేనే ప్రార్థన. లండన్ మిషన్ నీడలో పెరిగిన మా నాన్నేమో, పుస్తకం చూసి దేవునితో మాట్లాడతారా అనేవాడు. మా పెళ్ళి మాటల్లో కూడా ఈ రగడ జరిగింది. ఇప్పుడు మా గుడిలో రెండూ ఉన్నాయి, పిల్లలకు తేడా కూడా తెలియదు.

ఫోన్‌లో డబ్బు కట్టే స్కానరు మీదా నాకు కోపం లేదు. కువైట్‌లో ఉన్న మా వదిన అక్కడ శుక్రవారం ఆరాధనకు పోతుంది, ఆదివారం పనిలో ఉంటూనే మన లైవ్ చెవిలో పెట్టుకుంటుంది. పోయినేడు వీడియో కాల్‌లో అరిచి అరిచి వేలంలో ఒక గుమ్మడికాయ పాడుకుంది. డబ్బు ఫోన్‌లో వచ్చింది, గుమ్మడికాయ మేం తిన్నాం. ఆరోజు ఎంత నవ్వామో.

నిజానికి ఎవరి పేరూ అడగనిది పిడికెడు బియ్యమొక్కటే. వండే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తాం, నిండినప్పుడు గుడికి తీసుకెళ్ళి గోనెలో పోస్తాం. సన్నబియ్యమో రేషన్ బియ్యమో కలిసిపోతాయి. మిజోరంలో ఈ పద్ధతి 1910లో మొదలైందట, అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘానికి ఇప్పటికీ అది పెద్ద ఆదాయం. మన దగ్గర ఆ డబ్బా పెట్టే ఇళ్ళు తగ్గిపోతున్నాయి. దాని మీద మాత్రం కమిటీ ఎప్పుడూ తీర్మానం చేయదు.

గురువారం స్త్రీల మైత్రి, అంటే గుడిలో ఆడవాళ్ళ కూటం, ఉంది. కవర్లు వద్దని అనను, పేరు గీత తీసేయమని అడుగుతాను. కాయో కోడో తెచ్చేవాళ్ళకు గుడి బయట బల్ల వేసి ధర చీటీ అంటిస్తే, కావలసినవాళ్ళు అక్కడే డబ్బిచ్చి తీసుకుపోతారు. బాకీ మాటే ఉండదు. పాస్టరు అయ్యగారు ఒప్పుకుంటారనే అనుకుంటున్నా. వదినకు ఎట్లా చెప్పాలన్నదే సమస్య. ఆమెకు గుమ్మడికాయ అక్కర్లేదు, వేలంలో అరవడం కావాలి.