సగం తెలుపు, సగం బూడిద

పూలకుండీ జరిపితే కింద బూడిదరంగు పురుగులు చెల్లాచెదురయ్యాయి. ముట్టుకుంటే ఉండలా చుట్టుకునే వుడ్‌లైస్ అవి. కొన్నింటిని ఎండుటాకులతో రెండు డబ్బాల్లో వేశాను. ఒకదానిలో మట్టి ఎప్పుడూ తడిగా ఉంచాను, రెండో దానికి గుర్తొచ్చినప్పుడే నీళ్లు. దాన్ని ప్రయోగం అనడం కన్నా నా బద్ధకం అనడమే న్యాయం.

తడి డబ్బాలో ఒక తల్లి పొట్టకింది సంచిలోంచి ఆవగింజంత కూడా లేని తెల్లటి పిల్లలు బయటికొచ్చాయి. భూతద్దంతో లెక్కపెడితే ఆరు జతల కాళ్లే! ఏడో జత కుబుసం విడిచాకే వస్తుంది. ఆ విడవడమూ వింతే: మొదట వెనక సగం, కొన్ని రోజులకు తల వైపు సగం. పెద్దదొకటి రెండు పురుగులను అతికించినట్టు రెండు రంగుల్లో కనిపించింది. విడిచిన పొట్టును అదే తినేసింది. అందులోని కాల్షియం వదులుకోదు మరి.

పొడి డబ్బాలోవి మాత్రం ఒకే బెరడు ముక్క కింద గుంపుగా నక్కాయి. తిండి లేదు, ఎదుగుదల లేదు. ఇవి రొయ్యలు, పీతల బంధువులు. పొట్టకింద మొప్పల్లాంటి రేకులు తడిగా ఉంటేనే ఊపిరి. వెచ్చదనం ఎదుగుదలను తొందరపెడుతుంది గానీ, తడి లేని వెచ్చదనం ప్రాణం తీస్తుంది.

నిన్న అక్కడా నీళ్లు చల్లాను. కాసేపటికి బెరడు కింద నుంచి రెండు మీసాలు బయటికొచ్చాయి.