కలబంద హైడ్రోజెల్‌తో నా అనుభవం: తేడా మొక్కలో లేదు

పీహెచ్‌డీ థీసిస్ సమర్పించే ముందు ఇచ్చే ప్రీ-సబ్మిషన్ సెమినార్‌కు ఆమోదం తెలుపుతూ కమిటీ సంతకాలు చేసిన కాగితం ఈ వారమే నా చేతికి వచ్చింది. పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్‌లో (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థంలో) కలబంద గుజ్జు కలిపి, నీటిని పట్టి ఉంచే జెల్లీ లాంటి హైడ్రోజెల్‌ను గాయాల మీద వేసే పట్టీగా తయారు చేయడం నా పరిశోధన. ఇందులో మొక్క పెట్టిన ఇబ్బంది తక్కువ. నాకు చుక్కలు చూపించినవి తయారీ పరిస్థితులు, వాటిని పట్టించుకోని పెద్దలు. హైదరాబాద్‌లో ఇలాంటి పని మొదలుపెట్టేవారికి ఉపయోగపడుతుందని, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

రిజిస్ట్రేషన్, కోర్స్‌వర్క్ సాఫీగా గడిచిపోయాయి. స్టోర్స్ గుమస్తా గారు కొటేషన్ మీద కొటేషన్ అడిగారు. ఇచ్చాను, సరుకు వచ్చింది.

కలబంద పనికి కావలసింది ఓపిక. మట్టను మొదట్లో కోసి నిలువుగా పెడితే పసుపుపచ్చని చేదు రసం కారిపోతుంది. అలోయిన్ అనే ఘాటైన పదార్థం ఉండే ఆ రసం గాయానికి తగలకూడదు కాబట్టి, అది పూర్తిగా కారేదాకా తొందరపడకూడదు. తర్వాత తొక్క తీసి, గుజ్జును మిక్సీలో తిప్పి, పలుచని గుడ్డలో వడకట్టాలి. అందులో 98 శాతానికి పైగా నీరే. మిగిలినదాంట్లో మనకు ముఖ్యమైనది ఎసిమన్నాన్ అనే పాలీసాకరైడ్, అంటే చక్కెర అణువుల పొడవాటి గొలుసు. నిల్వ ఉంచితే గుజ్జు పలుచబడిపోతుంది కనుక తీసిన రోజే వాడుకోవాలి. పాలిమర్‌ను 90 డిగ్రీల దగ్గర గంటల తరబడి కలియబెడితే గానీ కరగదు. ఆ వేడిలోనే గుజ్జు పోస్తే ఎసిమన్నాన్ దెబ్బతింటుంది కాబట్టి, ద్రావణం 40 డిగ్రీలకు దిగాక, బుడగలు రాకుండా నెమ్మదిగా కలపాలి.

గొలుసులను ముడివేసే గ్లూటరాల్డిహైడ్ వంటి విషపూరిత రసాయనం అవసరం లేకుండా జెల్ కట్టించాలంటే, ద్రావణాన్ని మైనస్ 20 డిగ్రీల వద్ద గడ్డకట్టించి, మళ్లీ కరగనిచ్చే పద్ధతి ఉంది. నీరు మంచుగా మారుతూ పాలిమర్ గొలుసులను ఇరుకు సందుల్లోకి నెడుతుంది. అక్కడ అవి దగ్గరగా పేరుకొని ఏర్పరచే సూక్ష్మ స్ఫటికాలే జెల్‌ను పట్టి ఉంచుతాయి. ఇలా గడ్డకట్టించి కరిగించే ఆవృతులు పెరిగేకొద్దీ జెల్ గట్టిపడి, నీరు పీల్చుకోవడం తగ్గుతుంది. కలబంద మోతాదు పెరిగితే అది గొలుసుల పేర్పుకు అడ్డుపడి జెల్ మెత్తబడుతుంది. ఇంతవరకు ఎవరైనా చదివి తెలుసుకోగలరు.

నన్ను తల పట్టుకునేలా చేసినది వేరే ఉంది. అదే 10 శాతం పాలిమర్, అదే మోతాదు కలబంద, అవే 3 ఆవృతులు. జనవరిలో చేసిన జెల్‌ను చిమటాతో అంచు పట్టి ఎత్తినా చెక్కుచెదరలేదు. ఏప్రిల్‌లో చేసినది బఫర్‌లో (ఆమ్ల-క్షార స్థాయి మారకుండా ఉండే ద్రావణంలో) వేసిన మర్నాటికే అంచులు జిగురుగా మారాయి. ఆ బఫర్‌ను పరీక్షనాళికలో ఆడిస్తే సబ్బునీళ్ల మాదిరిగా నురగ వచ్చింది, అంటే గొలుసులు కరిగి బయటికి వచ్చేస్తున్నాయన్నమాట. నీరు పీల్చుకున్న శాతాల్లో బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ పొంతనే లేదు.

ఈ అంకెలను దాచకుండా సమీక్షా సెమినార్‌లో చూపించాను. బయటి నుంచి వచ్చిన నిపుణుడు గ్రాఫును ఒక్క క్షణం చూసి, “ఏమ్మా, మందు చేస్తున్నావా, పిల్లల జెల్లీ చేస్తున్నావా?” అన్నారు. హాలంతా నవ్వింది. “మొక్కల సరుకు కాలానికొక తీరుగా ఉంటుంది. మొక్కైనా మార్చు, టాపిక్ అయినా మార్చు” అని ఆయనే తీర్పు ఇచ్చేశారు. కలబంద అసలు కలపని జెల్‌లోనూ సరిగ్గా అదే తేడా వచ్చిందని చూపే స్లైడు తర్వాతే ఉంది. అది తెరవబోతే “చాలమ్మా, టైమ్ అయింది” అన్నారు. మా గైడ్ గారు ఫోన్ చూసుకుంటూ ఉండిపోయారు. జూనియర్ల ముందు అలా నిలబడటం ఎలా ఉంటుందో పడినవాళ్లకే తెలుస్తుంది.

మొక్క లేని జెల్ కూడా మారుతోందంటే కారణం మొక్కలో వెతకడం వృథా. ట్రూప్ బజార్‌లో ఉష్ణోగ్రత కొలిచే సన్న తీగ థర్మోకపుల్ కొని, గిన్నెలోని ద్రావణంలోనే ముంచి, కరిగేటప్పటి ఉష్ణోగ్రతను రాసుకున్నాను. మా ల్యాబులో ఏసీ యంత్రాల గదికే ఉంది, మనుషుల గదికి లేదు. జనవరి ఉదయం బల్ల మీద పెట్టిన గిన్నె మైనస్ 10 నుంచి సున్నాకు తీరిగ్గా వచ్చేది. వేసవి మధ్యాహ్నం ఆ దూరాన్ని ఒక్క పరుగున దాటేది. స్ఫటికాలు బాగా ఏర్పడేది ఆ మధ్య మెట్లలోనే, నెమ్మదిగా కరిగేటప్పుడే. రష్యన్ శాస్త్రవేత్త లోజిన్‌స్కీ బృందం ఇలా గడ్డకట్టించి కరిగించి చేసే జెల్స్ (క్రయోజెల్స్) మీద దశాబ్దాలుగా చేసిన పరిశోధనలు కరిగే వేగం ఎంత కీలకమో చెబుతూనే ఉన్నాయి. అయినా ఎన్నో వ్యాసాల్లో గడ్డకట్టించిన ఉష్ణోగ్రత రాసి, కరిగించడం దగ్గరికి వచ్చేసరికి “గది ఉష్ణోగ్రత వద్ద” అని చేతులు దులుపుకుంటారు. ఎవరి గది? ఏ నెలలో?

ఒకే ద్రావణాన్ని రెండు భాగాలు చేసి, ఒకదాన్ని బల్ల మీద, రెండోదాన్ని థర్మోకోల్ డబ్బాలో ఉంచి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో రాత్రంతా కరగనిచ్చాను. ఒకే మట్ట నుంచి, ఒకే రోజున, జనవరి జెల్, ఏప్రిల్ జెల్ రెండూ వచ్చాయి. ఆ ఫోటోలు చూపినప్పుడు అదే నిపుణుడు “ఇది అందరికీ తెలిసిందే కదమ్మా” అన్నారు. తెలిసిన విషయం అప్పుడెందుకు చెప్పలేదో అడగాలనిపించింది గానీ, సంతకం అవసరం నాది.

మీరు ఈ పని చేస్తుంటే ప్రతి బ్యాచ్‌లోనూ మొక్క లేని జెల్ ఒకటి తప్పనిసరిగా పెట్టండి; నా మాట నిలబెట్టింది అదొక్కటే. ఫ్రీజర్ తలుపు మీద కనిపించే అంకెను నమ్మకండి, ముఖ్యంగా పదిమంది వాడే ఫ్రీజర్ అయితే. మా దాంట్లో ఎవరి పుట్టినరోజు కేకో తరచూ కనిపించేది. తూకం వేసే ముందు ఫిల్టర్ పేపర్‌తో తడి అద్దేటప్పుడు ఎప్పుడూ ఒకే చేయి ఉండాలి.

ఇక స్టెరిలైజేషన్ మిగిలింది. మైక్రోబయాలజీ వాళ్లు అలవాటుగా ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన వేడి ఆవిరి యంత్రంలో) పెట్టి ఇస్తామంటారు, ఒప్పుకోవద్దు. 121 డిగ్రీలలో ఆ స్ఫటికాలు కరిగి జెల్ మళ్లీ ద్రావణమైపోతుంది. గామా కిరణాలతో చేయించవచ్చు గానీ, అవి గొలుసుల మధ్య కొత్త బంధాలు వేసి నీరు పీల్చుకునే శాతాన్ని మళ్లీ మారుస్తాయి. అందుకే కిరణాలు తగలని ముక్కలను అదే బ్యాచ్ నుంచి విడిగా తీసి ఉంచాను. రెండింటినీ పక్కపక్కనే తూచాకే ఆ అంకెలు థీసిస్‌లోకి ఎక్కుతాయి.