సెకండ్ మేట్ పరీక్షలో టైడ్ లెక్కలు: తిరుపతిలో కూర్చుని నేర్చుకున్న నా అనుభవం

సెకండ్ మేట్‌కు, అంటే సరుకుల ఓడలో ఆఫీసర్ అయ్యే పరీక్షకు ప్రిపేర్ అవుతున్న మన వైపు పిల్లలు కొందరు "టైడ్స్ ఎలా దాటావన్నా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. క్లాసులు చెన్నైలో విన్నా, అసలు చదువు మాత్రం తిరుపతిలో మా ఇంట్లోనే. సెలవు దొరికితే సప్తగిరి రైలెక్కి వచ్చేసి, మిద్దె మీది గదిలో చార్టు, అంటే సముద్రపు మ్యాపు పరుచుకుని కూర్చునేవాణ్ణి.

టైడ్ లెక్కలో, అంటే ఆటుపోట్ల లెక్కలో కష్టం గణితం కాదు, ఏ అంకెను ఎక్కడి నుంచి కొలిచారన్నదే కష్టం. చార్టులో ఒకచోట 6.4 అని ఉందంటే అక్కడ ఎప్పుడూ 6.4 మీటర్ల నీళ్లు ఉంటాయని కాదు, చార్ట్ డేటమ్ అనే గీత నుంచి కిందికి అంత లోతు ఉందని. ఆ గీతను కావాలనే బాగా కిందికి పెట్టుకుంటారు, ఎంత పెద్ద ఆటు వచ్చినా నీళ్లు దాని కిందికి దిగడం అరుదు. ఏ రోజు ఏ సమయానికి పోటు, ఆటు ఎంతో చెప్పే టైడ్ టేబుల్ ఇచ్చే ఎత్తు అదే గీత నుంచి పైకి. రెండూ కలిపితే ఆ సమయానికి ఉండే లోతు వస్తుంది. అంకె కింద గీత గీసి ఉంటే అది ఆటులో బయటపడే నేల, ఆ అంకెను టైడ్ ఎత్తులోంచి తీసేయాలి. నాకు ఇది కపిలతీర్థం పుష్కరిణి మెట్ల దగ్గర కుదిరింది. ఎండాకాలంలో నీళ్లు దిగిపోయి ఆగిన మెట్టును సున్నా అనుకోండి, దాని కింద ఎంత లోతుందో చార్టు చెప్తుంది, దాని పైన ఎన్ని మెట్లు మునిగాయో టైడ్ టేబుల్ చెప్తుంది. అప్పట్నుంచి ప్రతి లెక్కకూ ముందు ఒక నిలువు బొమ్మ గీసేవాణ్ణి: అడుగున నేల, ఆ పైన డేటమ్, ఆ పైన నీటిమట్టం, నీళ్లలో ఓడ, కీల్‌కీ (ఓడ అడుగుకీ) నేలకీ మధ్య మిగిలిన ఖాళీ. ఆ ఖాళీనే యూకేసీ (అండర్ కీల్ క్లియరెన్స్) అంటాం. బొమ్మ గీయకుండా లెక్క మొదలుపెట్టొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తా.

మా నాయన ఒకరోజు టీ తీసుకొచ్చి, పక్కనే కూర్చుని కాసేపు చూసి, "ఇంత లెక్క ఎందుకబ్బా, తాడుకు గుండు కట్టి దించి చూసుకుంటే పోదా?" అన్నాడు. మంచి ప్రశ్న. ఓడలో శబ్దం పంపి లోతు కొలిచే ఎకో సౌండర్ చేసేది దాదాపు ఆ పనే, కానీ అది ఇప్పుడు, ఓడ ఉన్నచోట ఎంత లోతుందో చెప్తుంది. ఇంకో మూడు గంటలకు ముందున్న ఇసుక మేట మీద ఎన్ని నీళ్లుంటాయో దానికి తెలీదు. క్యాడెట్‌గా (ఓడలో ట్రైనీగా) బెంగాల్‌లో హుగ్లీ నది మీదున్న హల్దియా రేవుకు వెళ్లినప్పుడు నేను కళ్లారా చూశాను, హుగ్లీలోకి పోవాలంటే పోటు కోసం లంగరేసుకుని కాచుకోవాల్సిందే, సెకండ్ ఆఫీసర్ సార్ పెన్సిల్ చేతిలోంచి దించలేదు. పైగా ఉప్పునీళ్లలోంచి నదిలోకి పోయేకొద్దీ ఓడ ఇంకాస్త మునుగుతుంది, తక్కువ లోతులో వేగంగా పోతే స్క్వాట్ వల్ల ఇంకొంత దిగుతుంది, వేగం రెట్టింపైతే అది సుమారు నాలుగింతలు. మన చెన్నై తీరంలో పెద్ద పోటుకైనా తేడా మీటరు చుట్టుపక్కలే కాబట్టి టైడ్ విలువ మనకు అంతగా తెలీదు. భావనగర్ వైపైతే పది మీటర్ల దాకా పోతుంది.

ఇక పరీక్షలో వచ్చే తరహా లెక్క ఒకటి. పోటు 06:12కి 3.9 మీటర్లు, ఆటు 12:24కి 0.7. ఓడ డ్రాఫ్ట్ (నీళ్లలో మునిగే లోతు) 8.2, కీల్ కింద కనీసం 1.0 ఉండాలి, ఇసుక మేట మీద చార్టు లోతు 6.4. ఎప్పటిలోగా దాటాలి? ఇక్కడ తిరగేసి ఆలోచించాలి. కావాల్సిన మొత్తం 9.2, చార్టు ఇచ్చేది 6.4, మిగతా 2.8 టైడ్ ఇవ్వాలి. అంటే నీళ్లు దిగుతూ దిగుతూ 2.8కి ఎప్పుడొస్తాయన్నదే ప్రశ్న. మొత్తం తేడా 3.2, పట్టే సమయం 6 గంటల 12 నిమిషాలు. పన్నెండో వంతుల పద్ధతిలో ఆ సమయాన్ని ఆరు భాగాలు చేస్తే నీళ్లు వరసగా 1, 2, 3, 3, 2, 1 వంతులు దిగుతాయి. మొదటి రెండు భాగాల్లో 0.8 దిగి 3.1కి వస్తుంది, మూడో భాగంలో ఇంకో 0.3 దిగాలి, అక్కడికి సుమారు 2 గంటల 27 నిమిషాలు. కొసైన్ సూత్రంతో చేస్తే 2 గంటల 28 నిమిషాలు. అంటే 08:40. రెండు దారుల్లోనూ చేసి సరిచూసుకోవడం నాకు చాలా ధైర్యమిచ్చింది. ఒకటి గుర్తుపెట్టుకోండి, హుగ్లీ లాంటి నదీముఖాల్లో నీళ్లు గబగబా ఎక్కి నిదానంగా దిగుతాయి, అక్కడ ఈ పన్నెండో వంతులను నమ్ముకోకూడదు, ఆ పోర్టుకు ఇచ్చిన వివరాలే వాడాలి.

నన్ను ఎక్కువ రోజులు పట్టి ఉంచింది సెకండరీ పోర్టులు. టేబుల్‌లో రోజువారీ అంకెలు పూర్తిగా ఇచ్చేది స్టాండర్డ్ పోర్ట్‌కే, సెకండరీ పోర్ట్‌కు దాంతో తేడాలు మాత్రమే ఇస్తారు. స్టాండర్డ్ పోర్ట్ ఎత్తులోంచి ముందు సీజనల్ మార్పు (ఋతువును బట్టి నీటిమట్టంలో వచ్చే మార్పు) తీసేసి, తర్వాత ఎత్తు తేడా కలిపి, చివరికి సెకండరీ పోర్ట్ సీజనల్ మార్పు కలపాలి. ఈ వరస ఎందుకో అర్థమైతే బట్టీ పట్టే పనుండదు: ఎత్తు తేడాలు సగటు మట్టానికి లెక్కగట్టినవి, ఋతువు మార్పు వాటిలో లేదు. బంగాళాఖాతం ఉత్తర కొసలో వానాకాలపు మట్టానికీ ఫిబ్రవరి, మార్చి మట్టానికీ తేడా బాగానే ఉంటుంది కాబట్టి దీన్ని వదిలేయడానికి లేదు.

ఇంకొకటి, ఇది ఏ క్లాసులోనూ చెప్పలేదు. మనందరి ఇళ్లలో గోడకు టీటీడీ క్యాలెండర్ ఉంటుంది కదా, లెక్కలో ఇచ్చిన తేదీ ఈ ఏడాదిదైతే అందులో తిథి చూడండి. పౌర్ణమి, అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోట్లు, అష్టమి దాటాక చిన్నవి. టేబుల్‌లో పక్క వరస చదివి ఉంటే అక్కడే దొరికిపోతుంది.

రాతపరీక్ష బాగానే గడిచింది. ఓరల్స్‌లోనే టెన్షన్. ఎగ్జామినర్ సార్ "బారోమీటర్ 990 ఉంటే?" అన్నారు. గాలి ఒత్తిడి సగటు 1013 అనుకుంటే 23 హెక్టోపాస్కల్స్ తక్కువ, ఒక్కోదానికి సుమారు సెంటీమీటరు చొప్పున నీళ్లు 23 సెంటీమీటర్లు ఎక్కువుంటాయి సార్ అన్నాను. "1030 ఉంటే?" 17 తగ్గుతాయి, నాకు భయమున్నది దీంతోనే సార్ అన్నాను. ఆ తర్వాత, పైన చెప్పిన లాంటి లెక్కనే తీసుకుని, "నీ లెక్కలో 08:40 వచ్చింది, కెప్టెన్‌కు ఏమని చెప్తావ్?" అన్నారు. 08:40 అనేది ఓడ వెనక భాగం కూడా మేట దాటేసి ఉండాల్సిన చివరి నిమిషం, నేను 08:00 అని రాస్తాను సార్, అప్పటికి దాటలేమనిపిస్తే తర్వాతి పోటుకే పోదామని ముందే చెప్తాను అన్నాను. సరేనని బోయాల (నీళ్లలో తేలుతూ ఓడలకు దారి చూపే గుర్తుల) మీది ప్రశ్నలకు వెళ్లిపోయారు.